మొదటి డబ్బా

రాజోలు బస్టాండు వెనక సందులో మా ప్రెస్సు.
పెళ్ళిళ్ళ సీజనయ్యాక
కటింగ్ మిషన్ కింద మిగిలిన అట్టముక్కల్ని
కిలోల లెక్కన పాతకాగితాలవాడికి వేస్తాం.
సువార్త టీచరు వచ్చి
"అవి నాకివ్వండి" అంది.

పదో తరగతి జీవశాస్త్రం. నాలుగొందల ప్రశ్నలు.
ముందు ప్రశ్న, వెనక జవాబు.
బస్ పాసంత సైజు.
మరీ అంత చిన్నవేంటండీ అంటే,
"మా పిల్లల చేతులు రాత్రి పదకొండింటిదాకా
రొయ్యల షెడ్డులో ఉంటాయండి.
పుస్తకమైతే తడుస్తుంది.
ఇదైతే జేబులో పడుంటుంది."

మూడు ఖాళీ పూతరేకుల డబ్బాలు బల్లమీద పేర్చింది.
తప్పు చెప్పిన కార్డు మొదటి డబ్బాలోకి, రోజూ చూడాలి.
ఒప్పయితే రెండోదాన్లోకి, మూడ్రోజులకోసారి.
మళ్ళీ ఒప్పయితే మూడోదాన్లోకి, ఆదివారం ఆదివారం.
ఎక్కడ తప్పినా
మళ్ళీ మొదటికే.
లాకుల్లో పడవలాగన్నమాట, అనుకున్నాను.
పైకి అనలేదు.
పదిలో సైన్సు పోయినవాణ్ణి,
నాకెందుకులే అని.

మొదటి విడత పాడైంది.
పిల్లలు జవాబుల్ని కాదు, అట్టల్ని బట్టీపట్టారు.
మూలన బంగారు అరిటాకుంటే పత్రహరితం.
'శుభలేఖ' తెగి 'లేఖ' మిగిలితే మూత్రపిండం.
వినాయకుడి తొండం కనపడిందా, క్లోమం.
"వెనక్కి తిప్పకుండానే చెప్పేస్తున్నారండి"
అని నవ్వింది టీచరు.
నవ్వుతూనే డీలాపడి కుర్చీలో కూర్చుంది.

సాదా అట్ట కొన్నాం.
సగం డబ్బు ఆవిడది,
సగం మా ఓనరుకి తెలియనిది.
ఒక కార్డుకి ఒకే సంగతి అంది ఈసారి.
'గుండె నిర్మాణమును వివరింపుము'
పదకొండు ముక్కలైంది.
నేనే టైపు చేశాను, నేనే కత్తి దింపాను,
నలభై కట్టలకి రబ్బరు బ్యాండ్లు నేనే వేశాను.

ఓ రోజు సిరా డబ్బాల కోసం నర్సాపురం వెళ్తూ
సఖినేటిపల్లి రేవులో పంటెక్కాను.
మోపెడ్ల మధ్య ఇద్దరు ఆడపిల్లలు,
వేళ్ళకి రొయ్యల వాసన,
ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు.
"ఒళ్ళంతటికీ రక్తం తోసేది?"
"ఎడమ జఠరిక."
కార్డు తిరిగింది.
"కుడి. తప్పే దీవెనా."
ఆ పిల్ల ఛాతీమీద చెయ్యేసుకుని చూసుకుంది.
"ఇటు కదే కొట్టుకుంటంది..."
మరి కార్డు చెప్పింది కదా,
ఆ కార్డుని మొదటి కట్టలో దోపుకుంది.

గోదారి ఆటుకి తీస్తోంది.
పంటు మెల్లగా అడ్డం తిరుగుతోంది.
నా చొక్కాజేబు కింద
ఎడంపక్క
దబదబా.

నర్సాపురంలో దిగలేదు. అదే పంటుమీద వెనక్కొచ్చేశాను.
బడి గేటు దగ్గర టీచరుకి చెప్పాను:
టైపు నాదేనండి.
చదివే టైపు చేశానండి.
అదే ఒప్పనుకున్నానండి.
తిడుతుందనుకున్నాను.
ఎర్రపెన్ను చేతికిచ్చి
మొత్తం నలభై కార్డులూ దిద్దించింది.
దీవెనది ముందు దిద్దాను.
నలభై ఒకటోది కొత్తది రాసి నాకే ఇచ్చింది.
"మీ మొదటి డబ్బాలో పెట్టుకోండి."

మిషన్ పక్కన మేకుకి గుచ్చి ఉందది.
పొద్దున్నే కత్తి దింపేముందు అడుగుతుంది.
చెబుతాను.
ఒప్పే చెబుతున్నాను, ఆరు నెలలుగా.
రెండో డబ్బా ఇంకా కొనలేదు.