షెల్టరు లేని స్టాపు

రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోతుందనుకున్నాను.
అదొక్కటే నా వాదన.
కోర్టులో పైకి చెప్పాక
నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఉదయం ఏడుంపావు. నవంబరు.
లూయిస్ దీవికి ఇంకా తెల్లవారలేదు.
వ్యాను వెనక మిల్లుకి చేరాల్సిన ట్వీడు చుట్టలు,
ముందు అద్దం నిండా వాన,
ఆ వానలోంచి ఉన్నట్టుండి ఒక గాజు గది.

స్టాపులో ఎవరూ లేరు.
నీ అదృష్టం అన్నాడు పోలీసు.
నీ అదృష్టం అన్నాడు లాయరు, బిల్లు ఇస్తూ.

ఇరవై రెండు నెలలు.
లైసెన్సు ఇచ్చేశాను. వ్యాను తాళం అడిగారు, అదీ ఇచ్చేశాను.
బాబాయి కొడుకు షెడ్డులో మగ్గం పక్కన
కండెలు చుడుతూ కూర్చున్నాను,
నలభై ఆరేళ్ల వయసులో, పిల్లలు చేసే పని.

ఎటు వెళ్లాలన్నా బస్సే దిక్కు.
బస్సుకి ఆ స్టాపే దిక్కు.
కౌన్సిలువాళ్లు గాజుపెంకులు ఊడ్చుకెళ్లారు,
సిమెంటులో నాలుగు బోల్టులు మిగిల్చారు,
కొత్తదానికి డబ్బు లేదన్నారు.
నేను కూల్చిన కప్పు కిందే నేను నిలబడ్డాను,
అంటే ఆకాశం కింద.
ఇక్కడి వాన పైనుంచి పడదు. పక్కనుంచి వస్తుంది,
సముద్రం మీదుగా, మనిషి పేరు కనుక్కుని మరీ.

మంగళవారం, శుక్రవారం దోలీనా వచ్చేది.
ఎనభై ఒకటి దాటాయి.
పట్నం ఆసుపత్రిలో చెల్లెలికి సూపు తాగించాలి.
మొదట్లో తను ఆ చివర, నేను ఈ చివర,
మధ్యలో నాలుగు బోల్టులు.
గొడుగు నిలిచే గాలి కాదిది. ఆవిడ దగ్గర
పడవ మీద కప్పే టార్పాలిన్ ముక్క ఒకటుండేది.
ఒకరోజు మాటామంతీ లేకుండా
దాని ఒక కొస నా చేతికిచ్చింది.

తిట్టినా బాగుండేది.

మార్చిలో కాబోలు, బస్సు వచ్చే వైపే చూస్తూ అంది:
"ఆవేళ కళ్లజోడు మర్చిపోయి ఇంటికి వెనక్కి వెళ్లాను."
అంతే.
నా చేతిలో టార్పాలిన్ టపటపా కొట్టుకుంది.
గాలికే అనుకుంటాను.

ఆ మార్చి నుంచి పద్నాలుగు నెలలు మందు ముట్టలేదు.
అంతకుముందు ఎనిమిది నెలల సంగతి అడగకండి.
చివర్లో డాక్టరు రక్తం తీసింది.
నా నోరు చెల్లదు కాబట్టి
రక్తమే నా తరఫున సాక్ష్యం చెప్పాలి.
మూడు వారాలు ఆలోచించి చెప్పింది.

కార్డు పోస్టులో వచ్చింది,
కరెంటు బిల్లుకీ కోళ్లదాణా కరపత్రానికీ మధ్య.
ఫొటోలో ఉన్నవాడు మా నాన్నలా ఉన్నాడు.
పండగ చేసుకుందామనిపించింది.
పండగ ఎలా చేసుకుంటారో గుర్తుచేసుకుని,
టీ పెట్టుకున్నాను.

మంగళవారం. అరువు తెచ్చిన పాత కారు.
చేతులు బిగుసుకుపోయి, ఇరవై మైళ్ల వేగంలో.
వెనక గొర్రెల ట్రక్కువాడు హారను కొడుతున్నాడు.
స్టాపులో దోలీనా.
టార్పాలిన్‌ని ఒక్కతే రెండు చేతులా పట్టుకుంటే
అది తెరచాపలా లాక్కెళుతోంది ఆవిణ్ణి.

కారు ఆపి తలుపు తెరిచాను.
"పట్నమే కదా, ఎక్కండి."
ఆవిడ కారుని చూసింది. బోల్టుల్ని చూసింది.
"బస్సు వచ్చేస్తుందిలే, టార్క్విల్."
కోపం లేదు గొంతులో. అదే కష్టంగా ఉంది.

ఇంజను ఆపేశాను.
దిగి వెళ్లి నా కొస పట్టుకున్నాను.
పదకొండు నిమిషాలు. చెల్లెలు ఈమధ్య
పేరు పెట్టి పిలుస్తోందట, కాకపోతే వాళ్లమ్మ పేరు.
బస్సు డ్రైవరు కారుని చూశాడు, నన్ను చూశాడు,
టిక్కెట్టు మిషను వైపు తల తిప్పుకున్నాడు.

మెట్టెక్కి ఆవిడ వెనక్కి తిరిగింది.
టార్పాలిన్ మొత్తం నా చేతుల్లోనే ఉండిపోయింది, నీళ్లోడుతూ.

"ఆరబెట్టు," అంది. "శుక్రవారం తీసుకురా."