టీ పద్దు

బెర్గెన్‌లో వాన ఎప్పుడు ఆగిందో నాకు గుర్తులేదు గానీ
రాగ్న్‌హిల్ద్ దరఖాస్తు వచ్చిన రోజు గుర్తుంది.
సరిహద్దు కాలువలు, ఘర్షణ, సహకారం.
మూడేళ్ళ పరిశోధన, నలభై పేజీలు.
చదవడం నా పని కాదు.
నా పని చివరి పేజీ,
అంకెలు కింద పడకుండా పట్టుకోవడం.

విమానం, సరే. దుభాషి జీతం, సరే.
నీళ్ళు కొలిచే కర్రలు, సరే.
ముగింపు సదస్సు, హోటల్లో విందు, లక్షా ఎనభై వేలు,
అదీ సరే.
టీ, రొట్టె, ఎండు ఆప్రికాట్లు: పన్నెండు వేల క్రోనర్లు.
హాల్వార్ కళ్ళజోడు పైకి నెట్టి
"అతిథి మర్యాదలకి నిధులు లేవు" అన్నాడు.
ఎర్ర గీత నేనే గీశాను.
తిన్నగా వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఆమె మెట్లెక్కి వచ్చింది, గొడుగు నీళ్ళు కారుస్తూ.
వాదించలేదు. కుర్చీ లాక్కుని చెప్పింది:
కాలువ ఒకటి, తూము ఒకటి.
ఎగువన కిర్గిజ్ ఊరు అక్‌బులాక్,
దిగువన తాజిక్ ఊరు చోర్‌బోగ్.
మే నెలలో నీళ్ళకంటే ముందు మాట జారుతుంది,
మాట వెనకే పారలు లేస్తాయి.
తాళంచెవి ఎసెన్‌కుల్ దగ్గర, నూనె డబ్బా సఫరలీ దగ్గర.
చిలుం పట్టిన తూము, నూనె లేనిదే చెవి తిరగదు.
ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేది
మధ్యలో టీ ఉన్నప్పుడే.
నేను ప్రశ్నలు అడగను, టోర్‌బ్యోర్గ్, టీ పోస్తాను.
సగం గిన్నె పోస్తే ఇంకాస్త కూర్చోమని,
నిండా పోస్తే ఇక లెమ్మని.
ఆ సగంలో ఉంది నా పరిశోధనంతా.

నేనేమీ అనలేదు.
మా నాన్నా చిన్నాన్నా
ఒక పడవ షెడ్డు గోడ కోసం
పదకొండేళ్ళు పలకరించుకోలేదు.
నడుమ కూర్చుని కాఫీ పోసినవాళ్ళు లేరు.
ఏ పద్దులో రాయాలో తెలీక
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం పద్దు మార్చాను.
నీటి కొలత పరికరాల కింద ఇంకో వరుస:
పింగాణీవి, చేత్తో వాడేవి, ఆరు.
నిర్వహణ ఖర్చు పన్నెండు వేలు.
అబద్ధం కాదనే అనుకున్నాను. గిన్నె కొలతే కదా.

రసీదులు వచ్చాయి.
బడి పుస్తకంలోంచి చింపిన గళ్ళ కాగితం, పెన్సిలు రాత,
ఓ మూల జిడ్డు వేలిముద్ర.
"నలభై ఏడు గిన్నెలు. తూము తెరిచాం."
కింద రెండు సంతకాలు.

రెండో ఏటి నివేదికలో ఒక గడి ఉంటుంది:
ఈ నిధుల వల్ల ఆగిన ఘర్షణలు ఎన్ని?
రాగ్న్‌హిల్ద్ ఖాళీగా వదిలేసింది.
ఖాళీని కంప్యూటర్ ఒప్పుకోదు, కనీసం సున్నా అడుగుతుంది.
సున్నా వేస్తే మూడో ఏడు పోతుంది.
లేవని పారకి, పగలని తలకి
రసీదు ఎవరిస్తారు?

ఫోన్ చేశాను. "పోయిన మే సంగతేంటి?"
"ఒక కొట్లాట అయింది" అంది.
"సఫరలీ మేనల్లుడికి చెయ్యి విరిగింది.
నేనప్పుడు ఇక్కడే ఉన్నాను, మీ కింది హాల్లో,
నిధుల సద్వినియోగం మీద
రెండు రోజుల పాఠం వింటూ."
హాజరు పట్టీ తీసి చూశాను. సంతకం ఉంది.
గడిలో ఏం రాశానో ఇక్కడ చెప్పను.

మార్చిలో ఆడిటర్ వచ్చాడు. కుర్రాడు, కొత్త బూట్లు, తడిసినవి.
"ఈ ఆరు పరికరాలు ఎక్కడ?"
ఐదు కాలువ గట్టున, పనిలో ఉన్నాయి.
ఆరోది నా బల్ల మీద:
నీలం రంగు, పత్తికాయ బొమ్మ, అంచు కాస్త చిట్లింది.
తిప్పి చూశాడు. అడుగున విశ్వవిద్యాలయం స్టిక్కరు, నంబరు.
"కొలత సరిగ్గా చూపిస్తుందా?"

సగం పోసి ఇచ్చాను.
బ్యాగు కింద పెట్టి కూర్చున్నాడు.