నాలుగో భాగం దాకా ఓపిక పట్టు

ఉలిగమ్మా, అగర కాడ బస్సు ఎట్లా కదల్దు,
ఏం చూడాలని అడిగినావు కదా, చెప్తా ఇను.

నాకు ఐదిండ్లు, ఐదు టీవీలు.
మూడొందల రెండులో కొరియా పిల్లది వస్తాది, దాన్ని పట్టుకో.
మొదటి మూడు భాగాలు ఉత్తివే:
కాపీ మీద పోసుకుంటారు, లిఫ్టులో ఇరుక్కుంటారు,
ఆ పిల్ల పరిగెత్తి పరిగెత్తి ఒక చెప్పు పోగొట్టుకుంటాది.
నాలుగోదాంట్లో వాన.
ఆయప్ప గొడుగు ఆ పిల్ల పక్కకి వంచుతాడు,
వాని భుజం సగం తడుస్తాది. చెప్పడు.
ఆ తడిసిన భుజం కోసరం చూడు.
మిగిలిందంతా దానికి చుట్టిన కాగితం.

టర్కీవోళ్ళది చానా పొడుగు.
చూపుల్తోనే రొండు నెల్లు గడుపుతారు.
ఎర్రగడ్డలు తరిగేటప్పుడు పెట్టుకో,
కండ్లు ఎందుకు తడిసినాయో
ఎవురికీ జవాబు చెప్పే పని లేదు.

మన సీరియళ్ళు మాత్రం వద్దు తల్లీ,
దాంట్లో ప్రేమ పావుకిలో, నగలు పది కిలోలు.
ఒక చెంపదెబ్బకి
ఇంట్లో వాళ్ళందరి మొగాలూ మూడు తూర్లు చూపిస్తారు,
ఆలోపల నా చపాతీలన్నీ అయిపోతాయి.

బాస తెలీదంటావా?
కింద అచ్చరాలు పరిగెత్తుతాయి, నేనూ చదవను.
కోపమొచ్చినోడు తలుపు మెల్లగా మూసి పోతే
అది ఏ బాసలో మూసినాడని అడుగుతావా?

ఒకటి నిజం చెప్తా, నవ్వగాకు.
నేను ఏదీ మొదుట్నుంచి చూడలేదు.
పిండి కలిపేంత సేపు ఒకటి,
కుక్కరు మూడు కూతలేసేంత సేపు ఇంకొకటి.
పరిచయం పదకొండో అంతస్తులో చూసినా,
పెండ్లి ఐదో అంతస్తులో చూసినా.
నా తలకాయలో ఆ కొరియా పిల్ల
గొడుగాయన్ని వదిలేసి
ఎవురో గడ్డమోన్ని చేసుకొని సుకంగా ఉండాది.

ఆ మూడొందల రెండులోనే ఒకటి జరిగింది.
ఆయప్ప హాల్లో, ఆయమ్మ రూములో,
ఇద్దరూ చెవుల్లో బిరడాలు పెట్టుకొని
ఒకటే సీరియలు ఏరేగా చూస్తారు.
ఆయప్ప ఏడులో ఉంటే ఆయమ్మ పదకొండులో.
ఒక పొద్దు నోరు ఊరుకోక అనేసినా,
"సార్, ఎనిమిదోది ఒంటిగా చూడగాకండి" అని.
ఆయప్ప నన్ను చూసినాడు, పోపు మాడిందేమో అన్నట్ల.
మర్నాడు సింకులో ఒకటే గిన్నె, రొండు స్పూన్లు.

అంతమాత్రానికి ఏమో అనుకోగాకు.
ఆ గిన్నె అడుగంటి, నానేసి తోమేసరికి నా గోరు ఇరిగింది.
ముందరి వారం మళ్ళీ రొండు తట్టలే.

కడాకరి భాగం అడగొద్దు.
ఆ పొద్దు గ్యాసు అయిపోయి
సిలిండర్ కోసరం కిందికి పోయినా.
పైకొచ్చేసరికి పేర్లు పడతా ఉండాయి,
ఆయమ్మ మొగం కడుక్కుంటా ఉండాది.
కలిసినారా, ఇడిపోయినారా,
మొగం చూసి చెప్పలేకపోయినా.

మీ ఆయన గొడుగు పట్టినాడా అంటావు,
నీ నవ్వులోనే తెలుస్తా ఉంది.
మాయప్పది సెంట్రింగు పని, మాట తక్కువ, బీడీ ఎక్కువ.
పోయిన వానల్లో ఇబ్బలూరు కాడ రోడ్డంతా మునిగిపాయె.
బస్సులో నుంచి అందరూ దిగేసినారు.
మాయప్ప యాడ్నుంచి వచ్చినాడో, ఎవురు చెప్పినారో,
నా చెప్పులు తీసుకొని సంకలో పెట్టుకున్నాడు.
మోకాలు లోతు నీళ్ళల్లో ముందర నడుస్తా
గుంత యాడుందో కాలితో ఎతుక్కుంటా
"ఈడ పెట్టు" అంటాడు.
రొండడుగులు.
"ఈడ పెట్టు."
ఇంటి దాకా ఎనక్కి తిరిగి చూడనే లేదు.
అట్లాంటిది యాడన్నా వస్తా ఉంటే చెప్పు,
నేను గూడా చూస్తా.

లెయ్ లెయ్, మన స్టాపు వచ్చె.
క్యారేరు పట్టుకో, ఆ పిల్లోన్ని దిగనీ ముందు.
మెట్టు కింద రాయి కదుల్తాది ఉలిగమ్మా,
అక్కడ కాదు,
ఈడ పెట్టు.