జిమ్మా

మీసేవ పిల్లగాడు కంప్యూటరు దిక్కే చూసుకుంట అడిగిండు:
"ఇంటిపేరు?"
కావలి, అన్న.
"పని కాదమ్మా, ఇంటిపేరు."
పని కూడ అదేనయ్యా,
ఈ రొండింటి నడుమ మా ఇంట్ల ఎవ్వరు గోడ కట్టుకోలే.

మా మామ తాత కావలి ఆశప్ప
పటేలు కళ్లంల జొన్నకుప్ప పక్కన పండెటోడు.
కుప్ప చుట్టు బూడిద గీత, మీద మన్ను ముద్ర.
ముద్ర చెదిరితే మనిషి వీపు చెదిరేది.
ఏడాదికోపారి చేటెడు తాలుగింజలు పోసి
దానికి మేర అని పేరు పెట్టిండ్రు.

మా మామ జీతమున్నడు.
జీతగాడు అంటరు గని
జీతం అప్పుకే పోయేది,
గాడు ఒక్కటే మిగిలేది.
ఎడ్లను కాసిండు, మోటబాయిని కాసిండు,
పటేలు బిడ్డను సంకనేసుకొని చేన్లు తిప్పిండు.
ఆ బిడ్డ పెద్దగయినంక చుట్టాలకు చూపెట్టింది,
"మా జీతగాడు" అని,
మా కోడె అన్నట్టే.

మా ఆయన ఇప్పుడు పూనాల సెక్యూరిటీ.
అదే బిల్డింగుకు మూడేండ్లు తట్టలు మోసిండు,
అప్పుడు లేబర్.
కట్టుడు ఒడిసినంక నీలం అంగి తొడిగి, సీటీ చేతికిచ్చి
గేటు బయట కుర్చీ ఏసిండ్రు.
లోపటికి పోయెటోళ్ల పేర్లు రాసుకుంటడు.
ఆయన పేరు ఆ బుక్కుల లేదు.

నేనేమో ఇక్కడ, కోస్గి దాపున, సీజనల్ హాస్టల్ల.
కాయితంల వాచ్‌వుమన్.
వార్డెన్ సారు ఆయమ్మా అంటడు,
తాసిల్దారు వచ్చిన నాడు కేర్‌టేకర్ అంటడు.
పిల్లగాండ్లు ఏమనరు,
కొంగు పట్టి గుంజుతరు.

దసరా దాటంగనే బొంబాయి బస్సులు వస్తయి.
నెత్తి మీద ముల్లె, చేతుల పిల్లగాని చెయ్యి.
హారను కొడుతుంటె తల్లులు ఎక్కువ మాట్లాడరు.
"మొగులమ్మా, నీ జిమ్మా."
అంతే.
ఒకామె కోడిని సుత జిమ్మా చేసిపోయింది.
ఆమె వాపసొచ్చేటాలకు కోడికి ఏడు పిల్లలు,
లెక్క అప్పజెప్పిన.
కొడుకుకు రెండు పండ్లు ఊడి కొత్తయి మొలిచినయి,
అదీ అప్పజెప్పిన.

రిజిస్టరు ఒక్కటే.
ఒక పేజీల చద్దర్లు, బకీట్లు, గంజులు, తాళంచెవులు.
తిరగేస్తె పిల్లగాండ్లు, నలభై ఆరు.
ముప్పై ఒకటో నంబరు నా కొడుకు.
వానికి వేరే సాప ఎయ్యను.
రాత్రి లెక్కవెట్టేటప్పుడు మాత్రం
ముప్పై ఒకటికాడ నాలుక జరంత ఆగుతది.

శరణప్ప అని ఒకడున్నడు, దామరగిద్ద దిక్కోడు.
వాని అవ్వనాయిన నిరుడు పోయిండ్రు, ఉగాదికి రాలే.
ఫోను మోగదు.
వాని వరుసల "సంరక్షకులు" అన్న గడి ఖాళీ.
ఆ మాట నా నోట్లె తిరగదు,
రాళ్లున్న బియ్యం నమిలినట్టుంటది.
అయినా నా పేరు రాసిన.
పక్క గడి: సంబంధం.
అవ్వను కాదు, చిన్నమ్మను కాదు, కులం కలవదు.
జిమ్మా, అని రాసిన.
సారు ఎర్రపెన్ను తీసిండు.
"ఇసొంటి సంబంధం లేదు మొగులమ్మా" అన్నడు.
కింద ఒక గీత గీసిండు గని
కొట్టెయ్యలే.

"మరి పని కాడ ఏం ఒత్తాలె?"
మీసేవ పిల్లగాడు ఇంక అడుగుతనే ఉన్నడు.
వాని డబ్బాల పన్నెండు మాటలున్నయంట,
అండ్లకెల్లే ఒకటి ఏరుకోవాల్నంట.
ఒత్తు కొడుకా, ఏదో ఒకటి, అన్న.
వెనక లైను పెరిగింది.

రాత్రి తొమ్మిదికి లెక్క చేసిన.
పిల్లగాండ్లు నలభై ఆరు, సరిపోయిండ్రు.
చద్దర్లే ఒకటి తక్కువ.
అది ఎనక తీగె మీద ఆరుతున్నది,
ఎవడు తడిపిండో నాకు ఎరుకే.
రిజిస్టర్ల అన్నీ ఉన్నయని రాసి
తాళం ఏసిన.