పది కాడ పదిహేడు

తెల్లారక ముందే మండిబజార్ల జహంగీర్ భాయి
మేకగుండెను కవర్ల కట్టిస్తడు.
"కూరకా, సదువుకా?" అని ఇప్పటికీ అడుగుతనే ఉంటడు.
మంచుగడ్డల డబ్బ స్కూటీ మీద కాళ్ల కాడ పెట్టుకొని
ములుగురోడ్డు దాటేదాక
నా గుండె సప్పుడే నాకు వినొస్తది.

కవాటం అని పుస్తకంల పెద్దగ రాసిండ్రు గని
కత్తెరతోని తీసి వెలుగుకు పడితె
ఉల్లిపొర.
గింత పల్చటి దర్వాజ
నిమిషానికి డెబ్బైసార్లు తెరుసుకొని మూసుకొని
ఒక్కనాడు కిర్రుమనలే.

పొరను కరిగించి కణాలను గులాబిరంగు నీళ్లల ఇడుస్త.
మూడోనాటికి గిన్నె అడుగును పట్టుకొని సాగుతయి,
కొనలు సన్నగ, నడుమ లావుగ,
అచ్చం మా రాజేశం మామ కండెలే.

కొత్తవాడల మామది దర్రీల మగ్గం.
రెండేండ్ల కింద చేతులు వణుకవట్టినయి.
పంజా దెబ్బ పోగు మీద గాక వేలు మీద పడవట్టింది.
హన్మకొండ డాక్టర్ రాసిన మాత్రతోని
నెల తిరుగకముందే చెయ్యి నిలవడ్డది.
ఆ మాత్ర డబ్బకు మా అత్త బొట్టు గూడ పెట్టింది.

అదే మాత్ర, గోటి మీద నిలవనంత పొడి,
రెండో గిన్నెల కలిపిన.
మొదటి గిన్నెల ఏం కలుపలే.
ఐదోనాడు గీతల అద్దం మీద లెక్కవెట్టిన.
సారు నమ్మలే. మల్ల లెక్కవెట్టిన.
ఉత్త గిన్నెల పది ఉన్న కాడ
మందు గిన్నెల పదిహేడు.
జాగ లేక ఒకదాని మీద ఒకటి ఎక్కి
ఎటు ఆగాల్నో మరిచిపోయినట్టు.

ఆదివారం మామ వీపుకు చెవి ఆనిచ్చిన.
మొదటి సప్పుడు బాగనే ఉంది.
రెండోదాని కాడ ఏదో ఈడుస్తున్నది,
ముసురుకు ఉబ్బిన తలుపు లెక్క.

చెప్పిన.
గుండె సంగతి అడుగలే మామ.
"పది పోగుల కాడ పదిహేడు కొడితె
దర్రి మడత పడది బిడ్డా" అన్నడు
కదలకుంట ఉన్న తన చేతులను చూసుకుంట.
కొంచెం సేపటికి,
"మాత్ర ఆపితే?"

మగ్గం మీద ఎర్రంచు సగానికి ఆగి ఉంది.
నేను దాని దిక్కే చూసిన.

మూడో గిన్నె ఒకటుంది.
దాంట్ల మాత్రకన్న ముందు ఇంకో మందు పోసిన,
దర్వాజ కాడ కావలి కూసోబెట్టినట్టు.
లెక్క రేపు.
ఈ రాత్రి కరెంటు పోతే కణాలు సల్లవడుతయని
వెచ్చటి పెట్టె పక్కన కుర్చీ ఏసుకొని కూసున్న.
బయట మబ్బు పట్టింది.