పలుగురాయి

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేన్లన్నీ వంగిన వీపులే.
ఆదోని నుంచి, బళ్లారి నుంచి, ఇంకా యాడి నుంచో
సద్దిమూటలతో వచ్చి
ఎర్రమట్టిలో వజ్రాలు ఏరుతుంటారు.
మా అవ్వ సుంకమ్మ ముప్పై ఏండ్లుగా ఏరుతోంది.
దొరికింది ఒకటే, గోటి కొనంత.
దాన్ని కొన్న సేటును తలుచుకొని
ఇప్పటికీ మెటికలు విరుస్తుంది.

ఆ పొద్దు నేనూ పోయినా.
రాళ్ల కోసం కాదు.
ఇంట్లో ఉంటే ఫోను మోగేది అమ్మకు వినపడుతుంది.

హరిణి అని పేరు.
డీపీలో గులాబీరంగు స్వెట్టరు, వెనక మంచు.
కర్నూల్లో ఇంటర్ అంది,
నా మాదిరే లెక్కలంటే భయమంది.
నలభై రోజులు
అన్నం తింటివా అని ఇంట్లోవాళ్ల కంటే ముందు అడిగింది.
అమ్మ మీద అలిగిన రాత్రి
రెండు గంటల దాకా నాకోసం మేలుకొనింది.
ఫోటో అడిగితే పంపినా.
ఉగాదికి లంగావోణీలో దిగింది, అంతే.

నలభై ఒకటో రోజు అది తిరిగొచ్చింది.
ముఖం నాదే.
మిగిలిందేదీ నాది కాదు.
ఆ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజులో
హరిణి గొంతు మొగోడిది.
"అయిదు వేలు. రేపు సాయంత్రం లోగా.
లేకుంటే మీ కాలేజీ గ్రూపులో ఉంటాది.
ఎవురికైనా చెప్పినావో..."

చేలో వంగినా, నాకు రాళ్లు కనపడలే.
సంచిలో ఫోను వణికినప్పుడల్లా
నడుము కాడ తేలు పాకినట్టు.

అవ్వ ఒక రాయి తీసింది.
ఎండకు నిప్పుకణిక లెక్క ఉంది.
"దొరికె!" అని నేనరిచినా. ఆమె అరవలే.
కొంగుతో తుడిచింది, చెంపకు ఆనించింది,
తన నీడలోకి తిప్పి చూసింది.
"పలుగురాయి" అని నా చేతిలో పెట్టింది.
"ఎండలో అన్నీ మెరుస్తాయి మే. నీడలో చూడాల."

గట్టు మీద తెల్లచొక్కా దళారి ఒకడు
మద్దిలేటి అనే పిల్లోణ్ణి పట్టుకొని
"ఇప్పుడే ఇచ్చెయ్, పొద్దుగూకితే రేటు పడిపోతాది,
మీ నాయనకు చెప్పగాకు" అంటాండాడు.
అవ్వ వక్కాకు ఉమ్మేసింది.
"చూడు వాణ్ణి. తొందర పెడతాడు,
ఎవురికీ చెప్పొద్దంటాడు.
ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి వస్తే వాడు దొంగ.
నాకొచ్చిన సదువు ఇంతే."

కాళ్లలో సత్తువ పోయి
తడిమట్టిలో కూలబడి చెప్పినా.
ఏడుస్తూ కాదు,
ఎక్కాలు అప్పజెప్పినట్టు గబగబా.

అవ్వకు డీపీ తెలీదు, గ్రూపు తెలీదు.
"ఆ పిల్లను నీడలో ఎప్పుడన్నా చూసినావా?" అనింది.
వీడియో కాల్ చేస్తే నెట్ లేదనేది,
కెమెరా పగిలిందనేది.
రాత్రి రెండు గంటల మెసేజులకు మాత్రం నెట్ ఉండె.

అంతా చెరిపేద్దామని ఫోను తీస్తే
చేయి పట్టుకొనింది.
"సేటు రాసిచ్చిన చీటీ పారేసుకొన్యా.
ఆ తర్వాత నా మాట ఎవురూ నమ్మలే.
ఉండనీ."

పత్తికొండ స్టేషన్లో
రేణుకమ్మ అనే కానిస్టేబులు
ఒక్కో మెసేజుకూ స్క్రీన్‌షాట్ తీయించింది.
"డబ్బు కట్టినావా?"
లేదన్నా.
"కట్టింటే రేపు పదివేలు అడుగుతాడు" అని
నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.
ఫోటో ఎందుకు పంపినావని ఒక్కసారీ అడగలే.

అమ్మ అడిగింది. వారం రోజులు అడిగింది.
"దొంగను వదిలి వాకిలిని కొడతావేమే"
అని అవ్వ అరిచిన రాత్రి
అమ్మ నా పక్కనొచ్చి పండుకొనింది,
ఏమీ మాట్లాడకుండా.

వాడు దొరికినాడో లేదో ఇంకా తెలీదు.
ఆ ఫోటో యాడుందో తెలీదు.
కొన్ని రాత్రులు లేచి కూర్చుంటా.

పలుగురాయిని ఫోను కవరు లోపల పెట్టినా.
వెనకంతా ఉబ్బింది. ఫ్రెండ్స్ నవ్వుతారు.
బల్ల మీద పెడితే నిలవదు,
కొత్త పేరేదో గులాబీపువ్వు పంపి హాయ్ అన్నప్పుడు
వణికి, అటూ ఇటూ ఊగుతుంది.

వేలు పెట్టను.
ఊగడం ఆగేదాకా చూస్తా.