అప్పు లేని తీసివేత

ఏనుమాముల మార్కెట్ల పదకొండేండ్లు
ఆడ్తి దుకాణంల గుమస్తాగిరి చేసిన.
దడ్వాయి కేకేస్తే తూకం రాసుకునుడు,
తేమకింత, తరుగుకింత, హమాలీకింత
తీసేసి, తీసేసి,
మిగిలింది తక్‌పట్టీ మీదెక్కించి చేతుల పెట్టుడు.
తీసివేతల నాకు తిరుగు లేదనేటోడు సేటు.
రైతు మొకం దిక్కు చూడకుంట రాస్తే
లెక్క తప్పదని నేర్పింది గూడ ఆయనే.

డీఎస్సీ ఫారం నింపింది స్వరూప.
సంతకం ఒక్కటే నాది.
లిస్టుల కిందికెల్లి నాలుగో పేరు.
పరకాల అవతల బస్సు దిగి, మల్ల రెండు కిలోమీటర్ల నడక,
రెండు గదుల బడి, ఇరవై ముగ్గురు పిల్లలు,
ఒక్క సారు.
ఫస్టుకు జీతం, నాలుగింటికి తాళం.
ఎండల బస్తాల నడుమ నిలబడే బాధ తప్పింది గద,
అంతకన్న ఏం అనుకోలే నేను.
మొదటి ఏడంత
నేను బోర్డు మీద రాసుడు, వాళ్ళు పలకల మీద దించుకునుడు.
హాజరు రిజిస్టరు మాత్రం
ముత్యాల్లెక్క నింపేది.

పత్తి ఏరే దినాలు.
ఆ పొద్దు బడికొచ్చింది తొమ్మిది మందే.
నలభై రెండులకెల్లి పదిహేడు.
"రెండులకెల్లి ఏడు పోతదా? పోదు.
పక్కింటికి పోయి అప్పు తెచ్చుకోవాలె."
నా చిన్నప్పుడు నాకు చెప్పినట్టే చెప్పిన.
తెచ్చుకున్నం. ఇరవై ఐదొచ్చింది.
తుడుద్దామని డస్టర్ ఎత్తిన.

మూడో తరగతి ఐలవేణి లేచి నిలబడ్డది,
చేతుల మీద పత్తికాయ గీరిన గీతలు.
"సారూ, ఆ అప్పు ఎప్పుడు కడ్తం?"

ఒక్కలు గూడ నవ్వలే.
నవ్వితే బాగుండు, నేనూ నవ్వి తుడిచేద్దును.
వెనుకకెల్లి ఒక పోరడు, మెల్లగ:
"మిత్తి ఎంత సారూ?"

వీళ్ళ నాయినలను నేనెరుగుదునేమో.
ఏ ఏడో, ఏ కాంటా పక్కనో
తువ్వాల దులుపుకుంట నిలబడి ఉంటరు.
తలెత్తి చూడలే గద,
ఎట్ల యాదికుంటది?

ఆ రాత్రి హన్మకొండల మా ఇంట్ల
కొత్త పుల్లల చీపురు ఇప్పి నేల మీద పోసిన.
"ఊడ్వనీకి తెస్తే ఇరగ్గొడ్తివా" అని తిట్టుకుంటనే
స్వరూప రబ్బరు బ్యాండ్లు ఎతికిచ్చింది.
పదికొక కట్ట.
పన్నెండు కొట్టిందాక లెక్కపెట్టినం ఇద్దరం.

తెల్లారి ఐలవేణి ముందల పెట్టిన
నాలుగు కట్టలు, రెండు ఇడి పుల్లలు.
"ఇండ్ల పదిహేడు నాకియ్యి బిడ్డా."
పుల్లల దిక్కు చూసింది. కట్టల దిక్కు చూసింది.
చానసేపు నా దిక్కు చూసింది.
"ఇప్పాల్నా సారూ?"
"నన్నెందుకడుగుతవు? కట్ట నీదే గద."

రబ్బరు బ్యాండు తీసి గాజు లెక్క చేతికేసుకున్నది.
ఒక కట్ట, ఏడు పుల్లలు నా ముందల పెట్టింది.
"ఇరవై ఐదు మిగిలినయ్. అప్పు?"
"లేదు. ఎవల దగ్గర తేలే.
మన కట్టనే మనం ఇప్పినం."

నమ్మలే.
మల్ల మొదటికెల్లి లెక్కపెట్టింది,
ఒక్కొక్క పుల్ల మీద ఏలు పెట్టి, పెదవులు కదుపుకుంట.
మార్కెట్ల పదకొండేండ్లు,
నా లెక్కను ఇట్ల మల్ల లెక్కపెట్టినోళ్ళు లేరు.
నేను కింద కూసున్న, ఆమె పక్కనే.
నాలుగు ఎప్పుడు దాటిందో.
బయట ఏ అమ్మనో వచ్చి
"ఇయ్యాల ఇడువవా సారూ" అని పిలిచిందాక సోయి లేదు.

ఐలవేణి నాయిన బాకీ తీరలే.
చీపురు పుల్లలతోని తీరే బాకీ కాదది.
ఆ మాట మాత్రం
మల్ల నా బోర్డు మీదికి రాలే.

ఇప్పుడు బస్సుల చిల్లర కోసం జేబుల చెయ్యి పెడితే
ముందుగాల రబ్బరు బ్యాండ్లే వస్తయి.
"ఏం యాపారమే నీది?" అన్నడు మొన్న కండక్టరు.
"కట్టలు ఇప్పే పని, అన్నా" అన్న.
పరకాలకు ఒక టికెటు తీసుకున్న.